1151 అంటే ఏ 1151?

(తిరుపతిలో డిప్లొమా విద్యార్థులకు, కంప్యూటర్ మరమ్మతు దుకాణాల్లో పనిచేసే యువతకు ఇచ్చిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ఈ బల్ల మీద ఒక ట్రేలో పద్నాలుగు ప్రాసెసర్లు ఉన్నాయి. నేను మాట్లాడుతుండగానే ట్రే మీ వరుసల్లో తిరుగుతుంది. ఒక్కొక్కటి తీసుకుని చూడండి. అంచులు పట్టుకోండి, అడుగుభాగం మాత్రం ముట్టుకోవద్దు. వేలి చెమట, నూనె అక్కడ అంటితే తర్వాత బాధపడేది మనమే.

మూడేళ్ల కిందట పాకాల వైపు నుంచి ఒక రైతు, డిగ్రీ చదివే కూతురిని వెంటబెట్టుకుని నా దగ్గరకు వచ్చారు. అప్పుడే మామిడి కోతలు అయ్యాయి. ఆ డబ్బులోంచి కొంత తీసి, అమ్మాయి కంప్యూటర్ వేగం పెంచుదామని పాత ప్రాసెసర్ ఒకటి కొన్నారు. ఇంట్లో ఉన్నది హెచ్110 అనే మదర్‌బోర్డు, దాని మీద పెంటియం జీ4400. కొన్నది కోర్ ఐ3-8100. బిగిస్తే ఫ్యాను తిరుగుతుంది, తెర మీద బొమ్మ రాదు. ఆ అమ్మాయి పాత పెంటియం తిరిగి పెట్టి చూసింది, చక్కగా పనిచేసింది. అంటే బోర్డు బాగుంది. కొత్తగా కొన్నదాన్ని ఇంగువ డబ్బాలో, దూది పరిచి తెచ్చింది. బల్ల మీద పెట్టి ఒకే మాట అడిగింది: "బోర్డు మీదా 1151 అనే ఉంది, దీని వివరాల్లోనూ 1151 అనే ఉంది. అమ్మినాయన కూడా 1151 అంటే 1151 అన్నారు. మరి ఎందుకు పనిచేయదు సార్?"

ఎంత న్యాయమైన ప్రశ్న! ఈ రోజు నేను మాట్లాడేదంతా ఆ ప్రశ్నకు జవాబే. ప్రాసెసర్ చెడిపోలేదు, బోర్డూ చెడిపోలేదు, అమ్మాయి బిగించడంలోనూ తప్పు లేదు. పేరును సగమే చదివారు. మిగతా సగం ఎక్కడుందో వాళ్లకు ఎవరూ చెప్పలేదు.

ముందు ఆ అంకె సంగతి చూద్దాం. 1151 అంటే ప్రాసెసరుకూ బోర్డుకూ మధ్య విద్యుత్తు తగిలే చోట్లు, అంటే స్పర్శలు, 1151 అని. అది లెక్క మాత్రమే. ఏ చోటు దేనికి వాడుతున్నారో ఆ అంకెలో ఉండదు.

మన బండ్ల నంబర్లు గుర్తు తెచ్చుకోండి. ఏపీ 03 అని కనబడితే చిత్తూరు జిల్లా బండి అని దూరం నుంచే చెప్పేవాళ్లం. 2019 నుంచి రాష్ట్రమంతటికీ ఏపీ 39 వచ్చింది. ఇప్పుడు ఆ రెండంకెలు చూసి జిల్లా చెప్పలేం. పలక అదే, రాసే తీరు అదే, అది చెప్పే సంగతి మారిపోయింది. సాకెట్ల పేర్లలోనూ, అంటే బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే గూళ్ల పేర్లలోనూ, ఇలాంటి మార్పు ఒకసారి కాదు, చాలాసార్లు జరిగింది.

తొలిరోజుల్లో ఈ పేర్ల అవసరమే లేదు. 1971లో వచ్చిన ఇంటెల్ 4004కు 16 కాళ్లు, రెండు వరుసలుగా, జెర్రికి ఉన్నట్టు. 1978 నాటి 8086కు 40 కాళ్లు. 386 వచ్చేసరికి 132 అయ్యాయి, 486కు 168. అన్ని కాళ్లు రెండు వరుసల్లో పట్టవు కాబట్టి అడుగంతా చదరంగా పిన్నులు నాటారు. తర్వాత ఇంటెల్ సాకెట్లకు వరుస సంఖ్యలు ఇచ్చింది: సాకెట్ 1, సాకెట్ 2, అలా పోయి సాకెట్ 7. ఇక్కడ 7 అంటే ఏడు పిన్నులు కాదు, ఏడోది అని. దానికి ఉన్నవి 321 చోట్లు. ఆ సాకెట్ 7 గురించి ఇప్పటికీ గౌరవంగా చెప్పుకోవాలి. ఇంటెల్ పెంటియం, దాని పోటీ సంస్థ ఏఎండీ వాళ్ల కే6, సైరిక్స్ వాళ్ల ప్రాసెసర్, మూడూ ఒకే బోర్డు మీద కూర్చునేవి. మళ్లీ ఆ రోజులు రాలేదు.

పెంటియం 2తో ఇంటెల్ స్లాట్ 1కు వెళ్లింది. ప్రాసెసర్‌ను క్యాసెట్ లాగా నిలువుగా గుచ్చడం అన్నమాట. ఏఎండీ తన అథ్లాన్ కోసం స్లాట్ ఏ తెచ్చింది. రెండింటికీ 242 స్పర్శలు, కనెక్టరు కూడా అదే రకం, కానీ ఏఎండీ బోర్డు మీద దాన్ని అటునుంచి ఇటు తిప్పి పెట్టారు. ఒకదానిది మరొకదాంట్లో పనిచేయదు. చూశారా, లెక్క ఒకటే అయినా జత కుదరకపోవడం ఆనాడే మొదలైంది.

ఆ తర్వాత ఇంటెల్ వరుస సంఖ్యలు వదిలేసి పిన్నుల లెక్కనే పేరుగా పెట్టింది: సాకెట్ 370, 423, 478. ట్రేలో ఆకుపచ్చ పలక మీద సన్నటి బంగారు రంగు పిన్నులున్నది కనబడుతోందా? అది 478, పెంటియం 4. దాన్ని పట్టుకున్నవాళ్లు ఒక మూల చూడండి, రెండు పిన్నులు కొంచెం వాలి ఉంటాయి. అలా వాలినవాటిని ఎలా సరిచేయాలో చెబుతాను. ములుకు తీసేసిన మెకానికల్ పెన్సిల్ గొట్టాన్ని ఒక్కో పిన్నుకు తొడిగి, భూతద్దం కింద, వెంట్రుకవాసి చొప్పున నిలబెట్టాలి. పుత్తూరు కట్టు వేసేవాళ్లు ఎముకను ఎలా తడిమి, ఎంత ఓర్పుతో కుదురుస్తారో అంత ఓర్పు కావాలి. ఒక్క ఊపున వంచితే పిన్ను విరుగుతుంది. విరిగిన పిన్నుకు కట్టు లేదు.

ఇప్పుడు అక్షరాలకు వద్దాం. అంకెల కన్నా నాకు అక్షరాలే ముఖ్యం. పీజీఏ, ఎల్‌జీఏ, బీజీఏ అని మూడు మాటలు వింటుంటారు. మూడింటి చివర ఉన్న జీఏ అంటే గ్రిడ్ అరే. నాట్లు వేసిన మడిలో మొక్కలు వరుసగా, అడ్డంగా నిలువుగా ఉన్నట్టు అమర్చడం. ఆ మడిలో ఏం నాటారన్నదే మొదటి అక్షరం చెబుతుంది.

పీ అంటే పిన్ను. పిన్నులు ప్రాసెసరుకు ఉంటాయి, బోర్డు మీద రంధ్రాలు ఉంటాయి. ఎల్ అంటే ల్యాండ్, అంటే చదునైన బిళ్ల. ప్రాసెసర్ అడుగున బిళ్లలు మాత్రమే ఉంటాయి, స్ప్రింగులాంటి సన్నటి తీగలు బోర్డు మీదికి మారాయి. బీ అంటే బాల్, గుండు. ఆవగింజ కన్నా చిన్న టంకం గుండ్లతో ప్రాసెసర్‌ను నేరుగా బోర్డుకు అతికించేస్తారు. అక్కడ సాకెట్టే లేదు.

ఈ ఒక్క అక్షరం తెలిస్తే దేన్ని కాపాడుకోవాలో తెలుస్తుంది. పీజీఏ అయితే ప్రాసెసర్ జాగ్రత్త. ఎల్‌జీఏ అయితే బోర్డు జాగ్రత్త. ఇంటెల్ డెస్క్‌టాప్‌లో ఈ మార్పు 2004లో ఎల్‌జీఏ 775తో వచ్చింది. ఆనాటి నుంచి ఖాళీ బోర్డు సాకెట్ మీద నల్లటి ప్లాస్టిక్ మూత వస్తోంది. ఆ మూతను చాలామంది చెత్తబుట్టలో వేస్తారు. దయచేసి వేయకండి. ప్రాసెసర్ తీసిన బోర్డును మూత లేకుండా అలమారలో పడేస్తే, ఎవరి చొక్కా చెయ్యో, దుమ్ము తుడిచే గుడ్డో తగిలి పది తీగలు పక్కకు పడుకుంటాయి. వాటిని సరిచేయడం పీజీఏ పిన్నుల కన్నా చాలా కష్టం. గుండుసూది మొనతో, వెలుతురు ఏటవాలుగా పడేలా పెట్టుకుని, గంటలు కూర్చోవాలి.

ఏఎండీ మాత్రం చాలాకాలం పీజీఏతోనే నడిచింది. డెస్క్‌టాప్‌లో ఏఎం4 అనే సాకెట్ వరకు పిన్నులు ప్రాసెసరుకే ఉన్నాయి, మొత్తం 1331. 2022లో వచ్చిన ఏఎం5తో అదీ ఎల్‌జీఏకు మారింది, 1718 స్పర్శలు. ఏఎం4తో పనిచేసేవాళ్లకు ఒక హెచ్చరిక. ప్రాసెసర్ వేడిని బయటికి పంపే లోహపు దిమ్మను, అంటే హీట్‌సింక్‌ను, లాగితే ప్రాసెసర్ దానికి అంటుకుని, మీట బిగించి ఉండగానే సాకెట్లోంచి ఊడి వస్తుంది. రెంటి మధ్య పూసే పేస్టు ఎండి బంకలా పట్టుకోవడమే కారణం. ఎల్‌జీఏలో పైన ఇనుప చట్రం నొక్కి పట్టుకుంటుంది, కాబట్టి ఈ బాధ లేదు. ఏఎం4లో ముందు యంత్రాన్ని పది నిమిషాలు నడపండి, పేస్టు మెత్తబడుతుంది. ఆపి, ప్లగ్గు తీసి, హీట్‌సింక్‌ను అటూ ఇటూ మెల్లగా తిప్పి, అప్పుడు లేపండి.

పేరు ముందు ఎఫ్‌సీ అని కూడా చూస్తారు: ఎఫ్‌సీఎల్‌జీఏ1151, ఎఫ్‌సీబీజీఏ1168 అని. ఎఫ్‌సీ అంటే ఫ్లిప్ చిప్. పూర్వం సిలికాన్ ముక్కను ముఖం పైకి పెట్టి, చుట్టూ సన్నటి లోహపు తీగలతో కలిపేవారు. ఫ్లిప్ చిప్‌లో దాన్ని దోసె తిరగేసినట్టు బోర్లా వేసి, కిందనున్న చిన్న గడ్డలతో నేరుగా పలకకు కలుపుతారు. దారి పొట్టిదవుతుంది, వీపు పైకి ఉంటుంది కాబట్టి వేడి తేలికగా బయటికి పోతుంది. మన దుకాణాల్లోకి ఎఫ్‌సీ-పీజీఏ అన్న పేరు పెంటియం 3 కాలంలో వచ్చింది. ఇప్పుడు అన్నీ అవే కాబట్టి ఆ రెండు అక్షరాల దగ్గర ఆగక్కర్లేదు.

ఇన్ని స్పర్శలు ఎందుకు అని ఇక్కడ ఒకరు అడిగారు. మంచి ప్రశ్న. సమాచారం మోయడానికే అనుకుంటాం, కానీ చాలా భాగం కరెంటు మోయడానికే. లెక్క వేయండి. 65 వాట్ల ప్రాసెసర్, దానికి అందేది సుమారు 1.2 వోల్టులు. 65ను 1.2తో భాగిస్తే 54 ఆంపియర్లు. ఇంట్లో ఏసీకి పెట్టే గోడ సాకెట్టు 16 ఆంపియర్లది. అంటే దానికి మూడింతలకు పైగా కరెంటు ఈ అరచేతిలో పట్టే పలకలోకి దిగాలి. ఒక సన్నటి తీగ అంత మోయలేదు, కాలిపోతుంది. అందుకే వందల తీగలు తలా కొంచెం మోస్తాయి, మరికొన్ని వందలు గ్రౌండుగా వెనక్కి తీసుకెళతాయి. మిగిలినవి ర్యాముకు, గ్రాఫిక్స్ కార్డుకు. ర్యాము దారులు పెరిగితే స్పర్శలూ పెరుగుతాయి. 1366లో మూడు దారులు, 2011లో నాలుగు. ఏఎండీ పెద్ద ప్రాసెసర్ థ్రెడ్‌రిప్పర్‌కు మొదట్లో 4094 ఉండేవి.

ఇప్పుడు ఆ పాకాల అమ్మాయి ప్రశ్నకు వద్దాం. ఎల్‌జీఏ 1151 మొదట 2015లో వచ్చింది. ఆరో జనరేషన్, ఏడో జనరేషన్ ప్రాసెసర్లు దాని మీదే. బోర్డులు 100, 200 వరుసలవి: హెచ్110, బీ250 లాంటివి. 2017లో ఎనిమిదో జనరేషన్ వచ్చింది. కోర్‌ల సంఖ్య, అంటే లోపల లెక్కలు చేసే భాగాల సంఖ్య, పెరిగింది, ఐ3కే నాలుగు, ఐ7కు ఆరు. కరెంటు ఎక్కువ కావాలి. అప్పటిదాకా ఖాళీగా ఉంచిన స్పర్శల్లో కొన్నింటిని కరెంటుకూ గ్రౌండుకూ కేటాయించారు. మొత్తం లెక్క మాత్రం 1151గానే ఉంచారు. ప్రాసెసర్ తప్పు సాకెట్లో కూర్చోకుండా పక్కన పెట్టే గాట్లు కూడా ఉన్నచోటే ఉంచారు. కాబట్టి ఐ3-8100 హెచ్110 బోర్డులో హాయిగా కూర్చుంటుంది, మీట పడుతుంది. బొమ్మ రాదు. దానికి కావలసింది 300 వరుస బోర్డు: హెచ్310, బీ360 లాంటివి. దుకాణాల్లో దీన్ని 1151 వీ2 అంటారు, కానీ బోర్డు మీదా ప్రాసెసర్ మీదా ఆ వీ2 ఎక్కడా రాసి ఉండదు. నాకు కోపం తెప్పించే సంగతి ఇదే. పేరు ఒకటి పెంచి 1152 అన్నా, గాటు రెండు మిల్లీమీటర్లు జరిపినా, ఆ రైతు డబ్బు మిగిలేది. కొందరు బయోస్, అంటే బోర్డును లేపే మొదటి ప్రోగ్రాం, మార్చి, కొన్ని బిళ్లలకు టేపు అతికించి నడిపిస్తున్నారు. మీ సొంత యంత్రంలో నేర్చుకోవడానికి చేసుకోండి. నమ్మి మీ చేతికిచ్చినవారి యంత్రంలో చేయకండి.

గాట్లు జరిపిన సందర్భాలూ ఉన్నాయి. 1156, 1155, 1150 మూడూ ఒకే సైజు. కానీ 1155 ప్రాసెసర్ 1156 సాకెట్లో కూర్చోదు, గాటు అడ్డం వస్తుంది. అది మంచి పని. ఇంకో సంగతి, ఈ మూడింట్లో 1156 పాతది, 1150 కొత్తది. పెద్ద అంకె అంటే కొత్తది అనుకునే అలవాటు ఇక్కడ మోసం చేస్తుంది. ఆ తర్వాతి 1200, 1700, 1851 మాత్రం పెరుగుతూ వచ్చాయి.

ఏఎండీలో ఇంకా విచిత్రమైన లెక్కలున్నాయి. సాకెట్ 940 అని సర్వర్లకు వాడే ఆప్టెరాన్‌ది ఒకటి ఉండేది. 2006లో ఏఎం2 వచ్చింది, దానికీ 940 పిన్నులే. ఒకదానికొకటి సంబంధమే లేదు, ర్యాము రకమే వేరు. ఏఎం3 ప్రాసెసరుకు మాత్రం 938 పిన్నులు పెట్టారు, సాకెట్లో 941 రంధ్రాలు. లెక్క కుదరలేదే అనిపిస్తుంది కదా? కావాలనే చేశారు. ఏఎం3 ప్రాసెసరుకు డీడీఆర్2, డీడీఆర్3 అనే ర్యాము రకాలు రెండూ తెలుసు. అందుకని అది పాత ఏఎం2 ప్లస్ బోర్డులోనూ దిగేలా రెండు పిన్నులు తగ్గించారు. పాత 940 పిన్నుల ప్రాసెసరుకు డీడీఆర్3 తెలియదు, అది ఏఎం3 సాకెట్లోకి దిగదు. రెండు పిన్నులతో ఎంత ఆలోచన! పేరు ఇలా పెట్టాలి, తాళం ఇలా చేయాలి అని నేను పిల్లలకు చెప్పేటప్పుడు ఈ ఉదాహరణే చూపిస్తాను.

ల్యాప్‌టాప్‌ల సంగతి ఆ చివర కూర్చున్న అమ్మాయి అడిగింది: ప్రాసెసర్ మార్చవచ్చా అని. నాలుగో జనరేషన్ ఇంటెల్ వరకు కొన్నింట్లో మార్చవచ్చు, ఆ సంగతి పేరు చివర ఉన్న అక్షరాలే చెబుతాయి. ఐ5-4200ఎం, ఐ5-4200యూ, రెండూ చూడటానికి అన్నదమ్ములు. ఎం ఉన్నది పిన్నులది, 946 పిన్నుల సాకెట్లో ఉంటుంది, స్క్రూ తిప్పితే వదులవుతుంది. యూ ఉన్నది బీజీఏ 1168, బోర్డుకు టంకంతో అతికి ఉంటుంది. అలాగే ఐ7-4700ఎంక్యూ ఊడుతుంది, ఐ7-4700హెచ్‌క్యూ ఊడదు. ఐదో జనరేషన్ నుంచి ఇంటెల్ ల్యాప్‌టాప్ ప్రాసెసర్లు అన్నీ అతికినవే. "ప్రాసెసర్ మార్చి ఇస్తాం, తెచ్చేయండి" అని ఫోనులో మాట ఇచ్చే ముందు ఆ చివరి అక్షరాలు అడగండి. బండి ఎక్కి శ్రీకాళహస్తి నుంచో పుంగనూరు నుంచో మనిషి వచ్చాక కుదరదని చెప్పడం న్యాయం కాదు.

మరి ఇంట్లో యంత్రం విప్పకుండా పేరు ఎలా తెలుసుకోవాలి? విండోస్ టాస్క్ మేనేజర్లో సాకెట్లు 1 అని కనబడుతుంది. అది పేరు కాదు, బోర్డు మీద ఎన్ని ప్రాసెసర్లు ఉన్నాయన్న లెక్క. సీపీయూ-జెడ్ అనే ఉచిత ప్రోగ్రాం తెరిస్తే ప్యాకేజ్ అన్న గడిలో సాకెట్ 1151 ఎల్‌జీఏ అని వస్తుంది. చేతిలో ప్రాసెసరే ఉంటే పైమూత మీద చదవండి. ఐ3-8100 మూత మీద పేరు కింద ఎస్ఆర్3ఎన్5 అని ఐదు అక్షరాల గుర్తు ఉంటుంది. పేరు కన్నా ఆ ఐదు అక్షరాలు నికరమైనవి. ఇంటెల్ వెబ్‌సైట్లో ఆ గుర్తుతో వెతికితే దాని జాతకమంతా వస్తుంది. పక్కన మలేషియా అనో వియత్నాం అనో ఉంటే అది తయారైన చోటు, దానికీ సాకెట్‌కూ సంబంధం లేదు.

అన్నిటికన్నా ముఖ్యమైన కాగితం ఒకటుంది. బోర్డు తయారుచేసినవాళ్లు తమ వెబ్‌సైట్లో ప్రతి బోర్డుకూ ఏ ప్రాసెసర్లు పనిచేస్తాయో జాబితా పెడతారు, ఒక్కొక్కదాని పక్కన ఏ బయోస్ వెర్షన్ కావాలో కూడా. స్థలం కొనేముందు రిజిస్ట్రార్ ఆఫీసులో ఈసీ తీయించమా? అమ్మేవాళ్లు ఎంత తెలిసినవారైనా తీయిస్తాం. ఇదీ అంతే. 775 బోర్డుల దగ్గర నేను దీన్ని నేర్చుకున్నాను. పెంటియం 4 నుంచి కోర్ 2 క్వాడ్ వరకు అన్నీ 775లే, కానీ 915 చిప్‌సెట్ బోర్డు మీద కోర్ 2 డ్యువో నడవదు. ఏఎం4లోనూ అంతే, పాత బోర్డులో కొత్త రైజెన్ ప్రాసెసర్ పెట్టాలంటే ముందు పాత ప్రాసెసర్‌తోనే బయోస్ మార్చుకోవాలి.

ఫ్యాను సంగతి ఒక్క మాట. 1156 నుంచి 1200 వరకు బోర్డు మీద ఫ్యాను రంధ్రాల మధ్య దూరం 75 మిల్లీమీటర్లు. 1700లో 78 అయింది. పాత ఫ్యాను బిగించాలంటే కొత్త బ్రాకెట్ కావాలి.

ఆ అమ్మాయి నా ఎదుటే తన ఫోనులో ఆ బోర్డు జాబితా తెరిచింది. వేలితో కిందికి జరుపుతూ పోయింది. జాబితా ఏడో జనరేషన్ దగ్గర ఆగిపోయింది, 8100 లేదు. "ఇది కొనకముందే ఉందా సార్ ఇక్కడ?" అంది. ఉందమ్మా అన్నాను. తండ్రి ఏమీ మాట్లాడలేదు. పాత ఐ5-6500 ఒకటి వెతికి ఇచ్చాను, అది వెంటనే పనిచేసింది. ఆరు నెలల తర్వాత హెచ్310 బోర్డు ఒకటి చవకగా దొరికితే ఫోను చేశాను. మళ్లీ అదే ఇంగువ డబ్బా తెచ్చారు. ఐ3-8100 బిగించగానే బొమ్మ వచ్చింది. ఇప్పుడు దాని మీద వాళ్ల తమ్ముడు చదువుకుంటున్నాడు.

ట్రే చివరి వరుసకు చేరినట్టుంది. తొమ్మిదో గడిలో ఉన్నది ఎవరి దగ్గరుంది? దాని పైమూత మీద రాత పూర్తిగా అరిగిపోయింది, కావాలనే పెట్టాను. తిరగేయండి. పిన్నులా, బిళ్లలా? బిళ్లలు. సరే, పక్క గాట్లు ఎక్కడున్నాయి? దాని పక్కన పదో గడిలోని 1155ను పెట్టి, మూలన ఉన్న బంగారు రంగు త్రికోణం రెండింటికీ ఒకే వైపు వచ్చేలా తిప్పి పోల్చి చూడండి. తొందరలేదు, చూసి చెప్పండి.